రొట్టెల పొయ్యిలో సిలిండర్ హెడ్డు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఓమా ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని, వృద్ధాశ్రమంలో గది దొరికిందని, కొట్టంలో ఉన్న ట్రాక్టరుని పక్క ఊళ్ళో పాత ట్రాక్టర్లు సేకరించేవాళ్ళు తీసుకుపోతున్నారని చెప్పింది. "వాళ్ళు కుర్రవాళ్ళు వేణూ, దాని సంగతి వాళ్ళకేం తెలుసు. నువ్వొచ్చి ఒకసారి స్టార్టు చేసి చూపించి పో," అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాను. మా అమ్మాయి హోంవర్కు మీదనుంచి తలెత్తి, "వేర్ వార్ దస్?" అంది. దానికి తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం ఎప్పుడూ జర్మన్‌లోనే. ఫోన్ చేసిందెవరో దానికి ఎలా చెప్పాలో నాకు వెంటనే తోచలేదు.

జర్మన్‌లో అమ్మమ్మని, నాయనమ్మని ఓమా అంటారు, తాతని ఓపా అంటారు. ఈ ఓమా, ఓపా నాకు ఏమీ కారు. జర్మనీలోని ఇల్మెనౌలో ఎం.ఎస్. చదివేటప్పుడు ఏడాదికి పైగా వాళ్ళింట్లో ఉన్నాను, అంతే చుట్టరికం. ఆమె పేరు హెల్గా, ఆయన పేరు ఎర్విన్. పిల్లల్లేరు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది. అంత్యక్రియలకి వెళ్ళాను, తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. క్రిస్మస్‌కి కార్డు మాత్రం తప్పకుండా పంపేవాణ్ణి. నా చేతకానితనానికి కార్డు మంచి ముసుగు. ఆ కొట్టంలో ఉన్న ట్రాక్టరు ఇంజన్ హెడ్డుకి నా చేత్తో వేసిన వెల్డింగు అతుకు ఉంది. ఆ అతుకు నిలబడింది. అది నిలబడినందుకే నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేకపోయాను.

ఇల్మెనౌ వచ్చిన కొత్తలో హాస్టల్లో గది దొరకలేదు. గది లేకపోతే అన్మెల్డుంగ్, అంటే ఊళ్ళో చిరునామా నమోదు, లేదు, అది లేకపోతే బ్యాంకు ఖాతా లేదు, వీసా పొడిగింపూ లేదు. యూనివర్సిటీ బోర్డు మీద ఒక చీటీ కనిపించింది. కొండమీది ఊళ్ళో ముసలి దంపతుల ఇల్లు, మేడమీద గది, ఇంటి పనుల్లో సాయం చేసే విద్యార్థి కావాలి. వెళ్ళాను. ఓపా నన్ను పైనుంచి కిందకి చూసి, ఏం పని వచ్చని అడిగాడు. మా బాపుకి నర్సంపేట రోడ్డు మీద వెల్డింగు షెడ్డు ఉందని, ఇంజన్ల మధ్య పెరిగానని వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. ఆయన కొట్టం తలుపు తీసి ట్రాక్టరు చూపించాడు. ఆ తర్వాతే గది చూపించాడు.

ఆ ఇంట్లో గడియారం కంటే అలవాట్లే కచ్చితంగా ఉండేవి. పన్నెండింటికి భోజనం, మూడింటికి కాఫీ, ఆరింటికి రొట్టె, వెన్న, ఊరబెట్టిన దోసకాయ. వంటింట్లో పులిసిన పిండి వాసన, నడవలో తడి కట్టెల వాసన, ఓపా కోటుకి ఎప్పుడూ డీజిల్ వాసన. ఆ చివరి వాసన ఉండబట్టే నేను అక్కడ బతికాను. మా బాపు చొక్కాకీ అదే వాసన ఉండేది. శుక్రవారం ఓమా రొట్టెల వంతు. ఊరి నడుమ రాళ్ళతో కట్టిన చిన్న గది, అందులో ఊరందరికీ కలిపి ఒకటే పెద్ద పొయ్యి. మూడు గంటలు పుల్లల మోపులు మండించి, నిప్పులు గీకి బయటికి లాగి, లోపలి నేల మీద గుప్పెడు పిండి చల్లి చూసేది. పిండి నెమ్మదిగా ఎర్రబడితే రొట్టెలు పెట్టొచ్చు, వెంటనే నల్లబడితే ఆగాలి. నేను లాబులో నేర్చుకుంటున్న ఉష్ణోగ్రతలన్నీ ఆమెకి ఆ గుప్పెట్లో ఉండేవి.

ఇల్లు వెచ్చబడేది కట్టెలతో. ఆ కట్టెలు అడవిలో ఓపా కోసి పేర్చుకున్నవి, ఇంటికి చేర్చేది ట్రాక్టరు. రెండు సిలిండర్ల పాత డీజిల్ బండి, ఆయన కంటే కొంచెం చిన్నది. రేడియేటరు కారుతుందని, గడ్డకట్టకుండా పోసే మందు దండగని, ఆయన అందులో ఉత్త నీళ్ళే పోసేవాడు. చలికాలంలో పని అయిన వెంటనే కింది నల్లా తిప్పి నీళ్ళన్నీ వదిలేసేవాడు. మళ్ళీ అవసరమైతే ఓమా వంటింట్లోంచి వెచ్చటి నీళ్ళు బకెట్లో తెచ్చేది. రోజూ ఇదే తంతు, ఒక్కరోజు కూడా మరిచిపోగా నేను చూడలేదు.

మొదటి చలికాలంలోనే ఓపాకి గుండెపోటు వచ్చింది. ఆపరేషన్ చేశారు, తర్వాత కొన్ని వారాలు వేరే ఊళ్ళో రేహాలో, అంటే ఆపరేషన్ అయినవాళ్ళని మళ్ళీ నడిపించే ఆసుపత్రిలో ఉండాలన్నారు. మంచం మీద ట్యూబుల మధ్య పడుకుని ఆయన నాకు చెప్పింది ట్రాక్టరు సంగతే. వారానికోసారి పది నిమిషాలు తిప్పు, తర్వాత నీళ్ళు వదిలెయ్యి, అన్నాడు. "నా బండిని ఇంతవరకు ఎవడి చేతికీ ఇవ్వలేదు," అని కూడా అన్నాడు. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది, బరువే లేదు.

చెప్పినట్టే చేశాను. ఆదివారం స్టార్టు చేశాను, పది నిమిషాలు తిప్పాను, నల్లా తిప్పి నీళ్ళు వదిలాను. ఆ రోజు ఎండ కాసింది, కప్పుమీది మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి. నల్లా బిగించి, చేతులు తుడుచుకుని, బకెట్టుతో మళ్ళీ నీళ్ళు నింపాను. ఎందుకు నింపానో తర్వాత వందసార్లు నన్ను నేనే అడుక్కున్నాను. మా షెడ్డులో బాపు పెట్టిన రూలు ఒకటుంది. ఇంజన్‌ని ఎండబెట్టి వదలకూడదు. పొద్దున్నే ఎవడో వచ్చి చూసుకోకుండా స్టార్టు చేస్తే మాడిపోతుంది, అందుకని షెడ్డు మూసేముందు ప్రతి రేడియేటరు మూతి దాకా నీళ్ళు నింపాలి. పదేళ్ళ వయసునుంచి నా పని అదే. నింపకుండా ఇంటికి వస్తే దెబ్బలు. ఆ ఆదివారం నా బుర్ర ఓపా మాట విన్నది, చేతులు మాత్రం బాపు మాట విన్నాయి. నీళ్ళు గడ్డకట్టి ఇనుముని పగలగొట్టే చలి ఒకటుందని నర్సంపేటలో చేతులకి ఎవరు చెప్తారు?

బుధవారం చలి విరుచుకుపడింది. గురువారం పొద్దున కట్టెల కోసం కొట్టంలోకి వెళ్తే ట్రాక్టరు కింద పళ్ళెమంత మంచు బిళ్ళ ఉంది. హెడ్డు పక్కనుంచి సన్నటి మంచు దారం వేలాడుతోంది. దాన్ని వేలితో తుడిచాను. కింద నాలుగు వేళ్ళ పొడుగున పగులు. హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే బరువైన పోతఇనుప దిమ్మ. దాని గోడల మధ్య నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళే ఉబ్బి గోడని చీల్చేశాయి. అలాంటి హెడ్డు కొత్తది ఎక్కడా దొరకదు. తయారు చేసిన కంపెనీ మూతపడింది, ఆ కంపెనీ ఉన్న తూర్పు జర్మనీ అనే దేశమే ఇప్పుడు లేదు.

ఓమాకి చెప్పాను. ఆమె బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. తిడుతుందనుకున్నాను. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కూర్చోమంది.

"డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు," అంది. "అడవి పని వద్దు, రంపం వద్దు, ట్రాక్టరు వద్దు అన్నాడు. ఆయనకీ చెప్పారు. ఆయన వింటాడా? నేను చెప్తే వినడు, డాక్టరు చెప్తే వినడు. బండి లేకపోతే వింటాడు. దాన్ని అలాగే ఉండనివ్వు వేణూ."

"పగలగొట్టింది నేనని ఆయనకి ఎలా చెప్పను?"

"నేను చెప్తాను. చలికి పగిలిందంటాను. నిన్ను ఒక్క మాట అననివ్వను."

తలూపాను. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మొగుడు బతకాలని కోరుకుంటోంది, దానికి నా తప్పు ఆమెకి అనుకోని వరమైంది. అయినా నా లోపల ఏదో మండిపోతోంది. ఇప్పుడైతే నిజం ఒప్పుకుంటాను. అది ఓపా మీద ప్రేమ ఒక్కటే కాదు. వెల్డరు కొడుకుని, ఇంజనీరింగు చదువుతున్నవాణ్ణి, ఒక ముసలాయన నమ్మి ఇచ్చిన ఇంజన్‌ని బకెట్టు నీళ్ళతో పగలగొట్టానన్న సిగ్గు. ఆ సిగ్గు పోవాలంటే అది మళ్ళీ తిరగాలి. అంతకుమించి నేను ఆలోచించలేదు.

ఓపా రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసేవాడు. ఓమాతో రెండు నిమిషాలు, నాతో పది. ఆ శనివారం, "రేపు స్టార్టు చేసినప్పుడు ఫోను కొట్టంలోకి పట్టుకెళ్ళు, నేను వినాలి," అన్నాడు. ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు, కొట్టందాకా సిగ్నల్ అందడం లేదు ఓపా, అని అబద్ధమాడాను. "వచ్చే ఆదివారం కిటికీలోంచి పట్టుకో," అన్నాడు. అంటే నాకు వారం టైముంది. అది దాటితే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి, లేదా ఆయన గుండెకి నిజం చెప్పాలి.

మంగళవారం ఓమా బస్సెక్కి ఆయన్ని చూడడానికి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే నేను హెడ్డు విప్పాను. పక్కింటి డీటర్ దగ్గర వెల్డింగు మిషను అడిగి తెచ్చుకున్నాను. ఆయన దగ్గరా అలాంటి ట్రాక్టరే ఉంది, అందుకని జాలిపడి ఏమీ అడక్కుండా ఇచ్చాడు. కొట్టంలో అలమరలో దొరికిన మామూలు రాడ్లతో పగులు మీద అతుకు వేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. పొంగిపోయాను. లోహాల సబ్జెక్టులో క్లాసులో నాకే ఎక్కువ మార్కులు, బాపుకి ఫోన్ చేసి అడగాలని కూడా అనిపించలేదు. రాడ్డు పక్కన పెట్టి ముసుగు తీసి రెండు నిమిషాలు కూడా కాలేదు, "టిక్" అంది. చిన్న చప్పుడే. ఇంకో నిమిషానికి మళ్ళీ "టిక్". అతుకు పక్కనే కొత్త పగులు తీసుకుంది. నాలుగు వేళ్ళ పగులు ఇప్పుడు జానెడు అయింది. చల్లటి నేలమీద కూర్చుండిపోయి ఏడ్చాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఏడవడానికి సిగ్గు కూడా పడలేదు.

మర్నాడు బాపుకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. అటువైపు షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఏ రాడ్డు వెట్టినవ్?"

"మామూలు రాడ్డే బాపూ."

"బీడుకు మామూలు రాడ్డు వెడ్తర్రా ఎవడన్న? పదేండ్లు నా పక్కన నిలవడి గిదేనా నేర్సుకున్నది?" పోతఇనుముని మావాళ్ళు బీడు అంటారు. "బీడు మొండిది బిడ్డా. ఒక దిక్కు కాలి ఒక దిక్కు సల్లగుంటె పలుగుతది. అంత ఒక్కతీరుగ కాలాలె, అంత ఒక్కతీరుగ సల్లారాలె. మనకాడ ఊక బూడిదల పాతిపెట్టి తెల్లారి తీస్తం. ఆడ ఊక దొరుకుతదా?"

"దొరకదు."

"మరేదన్న బట్టీ సూడు. ఇంకోపారి పలిగితె ఇగ దానికి మందు లేదు, సమజైందా?"

అర్థమైంది. బట్టీ ఎక్కడుందో కూడా అప్పటికే తెలిసిపోయింది. గురువారం కాఫీ దగ్గర ఓమాని అడిగాను. హెడ్డు విప్పానని తెలియగానే ఆమె ముఖం రాయిలా అయింది. "ఆ పొయ్యిలో మా అమ్మ రొట్టెలు కాల్చింది. ఇనుము పెట్టనివ్వను," అంది. కొంచెం ఆగి, "నేను చెప్పింది నీకు అర్థం కాలేదా? ఆయన్ని చంపుకుంటానా నేను?" అంది. నా కప్పు ఎత్తి కడిగేసింది, నేను ఇంకా తాగుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఐదింటి ఫోను ఆమే తీసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆమె మాటలే వినబడుతున్నాయి. "తిన్నావా? ఎందుకు తినలేదు? నడవడానికి రమ్మంటే వెళ్ళలేదట, నర్సు చెప్పింది." తర్వాత ఆమె చాలాసేపు విన్నది. చివరికి, "అమ్మలేదు ఎర్విన్. ఒట్టు. కొట్టంలోనే ఉంది," అంది. ఫోను పెట్టేసి గోడకేసి చూస్తూ నాకు చెప్పింది. "మనం బండి అమ్మేశామట, అందుకే వినిపించడం లేదట. బండి లేకపోతే ఇంటికి వచ్చి చేసేదేముంది, ఇక్కడే పడి ఉంటానంటున్నాడు. మూడు రోజులనుంచి సరిగ్గా తినడం లేదట."

శుక్రవారం పొద్దున్నే లేచేసరికి ఆమె పెరట్లో పుల్లల మోపులు కడుతోంది. నన్ను చూసి, "ఈ రోజు రొట్టెలు లేవు. తీసుకురా దాన్ని," అంది. అంతే. నేను పట్నానికి వెళ్ళి బీడుకి వాడే నికెల్ రాడ్లు కొనుక్కొచ్చేసరికి పొయ్యి గర్జిస్తోంది. నేనూ డీటరూ హెడ్డుని మంచుమీద జారే చెక్కబండి మీద పెట్టి లాక్కెళ్ళాం. పాత అతుకంతా గ్రైండరుతో గీకేశాను. పగులు ఎక్కడ ఆగిందో చూడడానికి డీజిల్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లాను. లోపల మిగిలిన డీజిల్ ఊరి సుద్ద మీద నల్లటి గీత వచ్చింది. ఆ గీత రెండు కొసల దగ్గరా చిన్న రంధ్రాలు వేశాను. పగులు ఇంక ముందుకి పాకకుండా ఆపేవి అవే.

ఓమా పొయ్యిలో పిండి చల్లింది. క్షణంలో నల్లబడింది. "రొట్టెకి ఎక్కువ," అంది. నా చెవిలో ఇయర్‌ఫోను, అటు చివర బాపు. ఎక్కువైతే మంచిదే అన్నాడు. హెడ్డుని లోపలికి తోసి తలుపు మూశాం. గంటన్నర తర్వాత బయటికి లాగి ఎండుపుల్ల ఆనిస్తే పొగ వచ్చింది. ఇక మొదలుపెట్టమన్నాడు బాపు.

అంగుళం అతుకు, వెంటనే సుత్తితో చిన్నచిన్న దెబ్బలు, మళ్ళీ పొయ్యిలోకి. వేడెక్కాక ఇంకో అంగుళం. బాపుకి ఏమీ కనిపించదు, మంట చప్పుడే వినబడుతుంది. "పెద్దగ సప్పుడైతాంది, రాడ్డు దగ్గెర్కి వట్టు," అనేవాడు. "ఆఁ, గిట్లనే. తొందరవడకు." నాలుగు వేల మైళ్ళ అవతల కూర్చుని నా చేతి వణుకుని వింటున్నాడు ఆయన. ఓమా పెద్ద రొట్టెల పారతో హెడ్డుని లోపలికి తొయ్యడం, బయటికి లాగడం, తలుపు మూయడం చేస్తోంది. డెబ్భై దాటిన మనిషి, ముఖం ఎర్రగా కమిలిపోయింది. డీటర్ ఆమె చేతిలోంచి పార తీసుకోబోతే ఇవ్వలేదు. నాలుగో అంగుళం వేసి సుత్తి పెట్టేసరికి "టిక్" అంది. ముగ్గురం కదలకుండా నిలబడిపోయాం. చెవిలో బాపు, "ఏంది, ఏందా సప్పుడు?" అంటున్నాడు. నేను వంగి చూశాను. అతుకు మీద పేరుకున్న నల్లటి చిట్టెం పెచ్చు లేచి ఎగిరిపడింది, అంతే. కింద లోహం తెల్లగా మెరుస్తోంది. "ఏం లేదు బాపూ, చిట్టెం ఎగిరింది," అన్నాను.

ఆఖరి అంగుళం వేశాక హెడ్డుని పొయ్యి మధ్యలో పెట్టి, తలుపు మూసి, సందుల్లో తడిమట్టి మెత్తాం. ఆదివారం దాకా తెరవొద్దన్నాడు బాపు. ఆ రెండు రోజులు నేను ఆ గోడకి చెవి ఆనించి ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. ఓమా ఒకసారి సూపు గిన్నె తెచ్చిచ్చి, తనూ కాసేపు గోడమీద చెయ్యి పెట్టి నిలబడి వెళ్ళిపోయింది. ఆమె ఏం కోరుకుంటోందో అడిగే ధైర్యం నాకు లేదు. పగలాలనా, పగలకూడదనా?

ఆదివారం పొద్దున తీశాం. గోరువెచ్చగా ఉంది. డీజిల్ రాశాను, తుడిచాను, సుద్ద చల్లాను, చూశాను. సుద్ద తెల్లగానే ఉండిపోయింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను, తెల్లగానే ఉంది. అడుగుభాగం వంకర పోయిందేమోనని అద్దం పలక మీద ఉప్పుకాగితం వేసి రుద్ది చదును చేశాను. డీటర్ తన బండికోసం దాచుకున్న గాస్కెట్, అంటే హెడ్డు కింద వేసే రేకు, ఇచ్చాడు. బోల్టులు బిగించేసరికి నాలుగు దాటింది. ఓమా వెచ్చటి నీళ్ళు బకెట్లో తెచ్చి పక్కన పెట్టింది. నీళ్ళు పోశాను. అతుకు పొడిగానే ఉంది. మొదటిసారి స్టార్టు కాలేదు. రెండోసారీ కాలేదు. లోపల ఫోను మోగడం మొదలైంది. మూడోసారి దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, అందుకుంది. ఓమా ఫోను పట్టుకుని మంచులో చెప్పులతోనే పరుగున వచ్చి నా చేతికిచ్చింది.

ఇంజన్ దగ్గర పట్టుకున్నాను. ఐదు నిమిషాలు పట్టుకున్నాను. తర్వాత చెవి దగ్గర పెట్టుకుంటే ఆయన ఊపిరి వినిపించింది. "వాల్వు చప్పుడు కొంచెం ఎక్కువగా ఉంది, చూసుకో," అన్నాడు. ఆ రాత్రి ఆయన గిన్నెడు సూపు తాగి ఇంకొంచెం అడిగాడని మర్నాడు నర్సు చెప్పింది. ఓమా మాత్రం ఆ సాయంత్రం ఇంజన్ ఆపగానే తనే వంగి నల్లా తిప్పింది. నీళ్ళన్నీ పోయేదాకా నిలబడి చూసి, "బాగా చేశావు," అని లోపలికి వెళ్ళింది. ఆ మాటలో సంతోషం ఉందో లేదో నాకు తెలియలేదు.

ఓపా ఇంటికొచ్చిన మూడో రోజు నిజం చెప్పేశాను. కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి అతుకుని బొటనవేలితో తడిమి చూశాడు. అందంగా లేదు, కారడం కూడా లేదు, అన్నాడు. నీళ్ళు నింపినందుకు మాత్రం వారం రోజులు తిట్టాడు. ఆ చలికాలమంతా నేను నల్లా తిప్పేటప్పుడు పక్కన నిలబడి చూసేవాడు. డాక్టరు మాట ఆయన వినలేదు. వసంతం రాగానే అడవికి బయల్దేరాడు. ఓమా వద్దనేది, ఆయన వెళ్ళేవాడు, నేను కూడా వెళ్ళి బరువు పనులు చేసేవాణ్ణి. అలా రెండో చలికాలం వచ్చింది. థీసిస్ పనిమీద నేను ఇప్పుడుంటున్న ఈ ఊరికి, ఇంగోల్‌స్టాట్‌కి, వచ్చాను. ఫిబ్రవరిలో డీటర్ ఫోన్ చేశాడు. అడవిలో కట్టెల కుప్ప పక్కన ఓపా ట్రాక్టరు సీటు మీద స్టీరింగుకి ఒరిగి ఉన్నాడట. డీటర్ వెళ్ళేసరికి ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉందట.

అంత్యక్రియల్లో వెనక వరసలో నిలబడ్డాను. అందరూ వరసగా వెళ్ళి ఓమా చెయ్యి పట్టుకుంటున్నారు. నా వంతు వచ్చినప్పుడు ఆమె తలెత్తి చూడలేదు. నాకు అర్థం కావలసింది అర్థమైందనుకున్నాను. వద్దని చెప్పింది, వినలేదు, ఆమె మొగుణ్ణి అడవికి పంపింది నా అతుకే. ఆ మాట ఆమె పైకి అనకపోవడం ఆమె మంచితనం అనుకున్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం ఇంజన్ భాగాలు పరీక్ష చెయ్యడం. హెడ్డు లోపల వెంట్రుకంత లోపం స్క్రీన్ మీద కనిపిస్తే ఒక మీట నొక్కుతాను, అది తుక్కులోకి పోతుంది. బాగుచెయ్యడం అన్న మాటే మా హాల్లో వినపడదు. ఒక్కోసారి హాయిగా ఉంటుంది, దేన్నీ నిలబెట్టిన పాపం ఉండదు. అప్పుడు నేను ఆ ఇనుముని రెండు రోజులు గోడకి చెవి పెట్టి విన్నాను. ఇప్పుడు రోజుకి వందలు చూస్తాను, ఒక్కటీ గుర్తుండదు.

మూడు రైళ్ళు మారి, బస్సెక్కి వెళ్ళాను. ఓమా బాగా వంగిపోయింది. ఇల్లంతా అట్టపెట్టెలు. కొట్టంలో ఇద్దరు కుర్రాళ్ళు ఎదురు చూస్తున్నారు. వాళ్ళకి అన్నీ చూపించాను, నీళ్ళ సంగతి మూడుసార్లు చెప్పాను. అతుకు చూసి ఇదేమిటని అడిగారు. నేను పగలగొట్టి నేనే వేశానని చెప్పాను. స్టార్టు చేస్తే రెండోసారికే అందుకుంది. అతుకు పొడిగా ఉంది. ఓమా వంటింటి కిటికీలోంచి చూస్తోంది.

వాళ్ళు బండిని ట్రెయిలరు మీద ఎక్కించుకుని వెళ్ళిపోయాక, వంటింట్లో ఆమె ఎదురుగా కూర్చున్నాను. దారి పొడుగునా జర్మన్‌లో కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయాను.

"ఓమా, ఆ రోజు నువ్వు వద్దన్నావు. నేను వినలేదు," అన్నాను.

ఆమె నా వంక వింతగా చూసింది.

"పొయ్యి వెలిగించింది నేను," అంది. "నువ్వు కుర్రవాడివి, ఆయన గుండె సంగతి నీకేం తెలుసు? డాక్టరు చెప్పింది నాకు. తెలిసి తెలిసి పుల్లలు కట్టి నేనే వెలిగించాను. అక్కడ తినకుండా పోతాడేమోనని భయపడి వెలిగించాను. అది తప్పా ఒప్పా అని అడగడానికి నాకు ఎవరున్నారు? ఆ రోజు అక్కడ ఉన్నది నువ్వూ, డీటరూ. డీటర్ పోయాడు. అంత్యక్రియల్లో నీ ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. తర్వాతైనా వస్తావనుకున్నాను. ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. కార్డులే వచ్చేవి." ఆమె బల్ల మీద లేని నలుసు ఏదో తుడిచింది. "నీకు నా మీద కోపమనుకున్నాను, వేణూ."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అది ఓపా చెయ్యిలాగే బరువు లేకుండా ఉంది. నా తప్పుని నేను ఒక్కణ్ణే మోస్తున్నానని ఇన్నేళ్ళూ నా మీద నేనే జాలిపడుతూ వచ్చాను. ఆ పద్నాలుగేళ్ళూ ఆ మనిషిని ఆ పొయ్యి ముందు ఒంటరిగా నిలబెట్టింది నేనే.